అనుమతుల ఫైలు, సైబర్ చట్టం: ఔటర్ అవతల ఒక డేటా సెంటర్ కేసు

క్లయింట్ మా దగ్గరికి వచ్చింది ఒక్క పేజీ ఉత్తరం కోసం. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక రంగారెడ్డి జిల్లాలో వాళ్లు డేటా సెంటర్ కడుతున్నారు. స్ట్రక్చర్ లేస్తోంది, అనుమతులు ఒక్కొక్కటిగా చేతికి వస్తున్నాయి. డబ్బు పెట్టిన బ్రిటిష్ ఫండ్ తరఫు లాయర్లు మాత్రం తర్వాతి విడత విడుదల చేసే ముందు లీగల్ ఒపీనియన్ అడిగారు. నిర్మాణ అనుమతులన్నీ ఉన్నాయనీ, భారతదేశపు సైబర్ భద్రతా చట్టాల విషయంలో లోటు లేదనీ ఎవరైనా సంతకం పెట్టి చెప్పాలి. మౌలిక వసతుల ప్రాజెక్టుల అనుమతులు చూసే లాయర్‌గా మొదటి సగం నాకు అలవాటైన పనే. రెండో సగం రాయాలంటే కట్టడం లోపలికి, సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్ దాకా వెళ్లి చూడాల్సి వచ్చింది.

క్లయింట్ పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు ఇక్కడ చెప్పడం లేదు. చట్టపరమైన ప్రశ్నలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. హైదరాబాద్ చుట్టూ డేటా సెంటర్లు వరసగా వస్తున్నాయి. అమెజాన్ క్లౌడ్ తన హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబరులో మొదలుపెట్టింది. అదే ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ తన ప్రణాళిక ప్రకటించింది. 5 మెగావాట్లు, అంతకు మించిన ఐటీ లోడ్ ఉన్న డేటా సెంటర్లకు కేంద్రం 2022 అక్టోబరులో మౌలిక వసతుల హోదా ఇచ్చింది. కాబట్టి ఈ చిక్కులు ఒక్క క్లయింట్‌వి కావు.

ఫైల్లో ఏమున్నాయి

వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకున్న నాలా ఉత్తర్వు ఉంది. జంట జలాశయాల రక్షణకు 1996లో ఇచ్చిన జీవో 111 పరిధిలోని 84 గ్రామాల్లో ఈ ఊరు లేదని రుజువు ఉంది. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు), బఫర్‌లోకి స్థలం రాదని నీటిపారుదల శాఖ ఇచ్చిన ఎన్‌వోసీ ఉంది. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఆ కాగితాన్ని బ్యాంకులు కూడా ముందు అడుగుతున్నాయి. హెచ్ఎండీఏ బిల్డింగ్ పర్మిషన్, ఫైర్ ఎన్‌వోసీ, ఎత్తుకు సంబంధించి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి ఉన్నాయి. బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు దాటింది కాబట్టి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్‌ఈ, అంటే స్థాపనకు సమ్మతి, ఉన్నాయి. జనరేటర్ల డీజిల్ నిల్వకు పెసో (పేలుడు, మండే పదార్థాల భద్రతా సంస్థ) లైసెన్సు, విద్యుత్ డ్రాయింగులకు చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆమోదం కూడా వచ్చేశాయి.

ఫైలు పద్ధతిగా ఉంది, కన్సల్టెంట్లు బాగా పనిచేశారు. కానీ అంత కట్టలో సైబర్ భద్రత అనే మాట ఒక్క షరతులోనూ లేదు. నీటి చట్టం 1974ది, గాలి చట్టం 1981ది, బిల్డింగ్ రూల్స్ జీవో 168 2012ది. ఏ చట్టం ఏ ప్రమాదం కోసం పుట్టిందో ఆ అధికారి దాన్నే చూస్తాడు. ఫైర్ ఆఫీసర్ మెట్ల వెడల్పు చూస్తాడు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఎర్తింగ్ చూస్తాడు. వాళ్ల తప్పేమీ లేదు. ఎవరూ అడగరు కాబట్టి ప్రాజెక్టు టీమ్‌లోనూ ఎవరి బాధ్యతగా అది ఉండదు. 'సైబర్ సంగతి ఐటీ వాళ్లు ఆక్యుపెన్సీ వచ్చాక చూసుకుంటారు' అని అందరూ అనుకుంటారు. ఈ కేసులో నేను ఖర్చు పెట్టిన సమయంలో ఎక్కువ భాగం ఆ అభిప్రాయాన్ని మార్చడానికే పోయింది.

ఏ సైబర్ చట్టం, ఎవరి మీద

ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 70 కింద ప్రభుత్వం ఒక కంప్యూటర్ వ్యవస్థను రక్షిత వ్యవస్థగా గెజిట్‌లో ప్రకటించవచ్చు. అది పనిచేయకపోతే దేశ భద్రత, ఆర్థిక వ్యవస్థ, ప్రజారోగ్యం, ప్రజల భద్రత దెబ్బతినే స్థాయి ఉండాలి. మా క్లయింట్ గురించి అలాంటి నోటిఫికేషన్ ఏదీ లేదు. అది తెలిశాక వాళ్ల ఫైనాన్స్ హెడ్ 'అయితే మనకేం లేదు కదా మేడమ్' అన్నారు. చాలామంది అక్కడే ఆగిపోతారు.

నోటిఫై కాకపోయినా, సైబర్ ఘటనలకు స్పందించే కేంద్ర సంస్థ సెర్ట్‌-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు డేటా సెంటర్‌కు పేరు పెట్టి మరీ వర్తిస్తాయి. సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉంచాలి. సిస్టమ్ గడియారాలు ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ సమయంతో కలవాలి. చందాదారుల పేర్లు, చిరునామాలు, ఐపీలు, యాజమాన్య వివరాలు వాళ్లు వెళ్లిపోయాక కూడా 5 ఏళ్లు దాచాలి. పాటించకపోతే సెక్షన్ 70బీ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా పరిమితిని 2023 జన విశ్వాస్ చట్టం లక్ష రూపాయల నుంచి కోటికి పెంచింది.

ఆ ఆదేశాల అనుబంధంలో రిపోర్ట్ చేయాల్సిన ఘటనల జాబితా ఉంది. స్కాడా, ఆపరేషనల్ టెక్నాలజీ వ్యవస్థల (అంటే యంత్రాలను గమనించి నడిపే కంప్యూటర్ వ్యవస్థల) మీద దాడి, నెట్‌కు కలిసే ఐఓటీ పరికరాల మీద దాడి కూడా అందులో ఉన్నాయి. అంటే సర్వర్లే కాదు. చల్లబరిచే చిల్లర్లను నడిపే బీఎంఎస్ అనే భవన నియంత్రణ వ్యవస్థ, జనరేటర్ కంట్రోలర్, సీసీ కెమెరా, యాక్సెస్ కార్డు రీడర్ ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇవి ఐటీ విభాగం కొనేవి కావు. సివిల్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల ప్యాకేజీల్లో వచ్చేవి.

మరో వైపు నుంచి ఆర్‌బీఐ వస్తుంది. ఐటీ సేవల ఔట్‌సోర్సింగ్ మీద 2023లో ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అది బ్యాంకుల మీద నిబంధన. కానీ బ్యాంకు మన హాల్లో తన సర్వర్ల ర్యాకులు పెట్టగానే తనిఖీ హక్కు, సబ్‌కాంట్రాక్టర్ల మీద అదుపు లాంటివన్నీ కాంట్రాక్టులో మనకు దిగుతాయి. ఈ క్లయింట్‌కు మొదటి అద్దెదారు బ్యాంకే.

సర్వీస్ కారిడార్ గొడవ

ఆ అద్దెదారు బ్యాంకు వ్యవస్థలే రక్షిత వ్యవస్థలుగా నోటిఫై అయితే పరిస్థితి ఏమిటి? ఇది ఊహ కాదు. 2022 జూన్‌లో ఐసీఐసీఐ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు, చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐల ఐటీ వనరులను కేంద్రం సెక్షన్ 70 కింద కీలక సమాచార మౌలిక వసతులుగా ప్రకటించింది. రక్షిత వ్యవస్థలోకి ఎవరు ప్రవేశించవచ్చో ప్రభుత్వం రాతపూర్వక ఉత్తర్వుతో నిర్ణయిస్తుంది. అనుమతి లేకుండా యాక్సెస్ చేసినా, ప్రయత్నించినా 10 ఏళ్ల వరకు జైలు.

మా క్లయింట్ డ్రాయింగ్‌లో ఏసీ యూనిట్లు, పవర్ ప్యానెళ్లు సర్వర్ హాల్ లోపల, ర్యాకుల పక్కనే ఉన్నాయి. ఫిల్టర్ మార్చే మనిషి, బెల్టు బిగించే మనిషి, రోజూ ర్యాకుల మధ్య నుంచే నడవాలి. ఐటీ చట్టంలో యాక్సెస్ అంటే కంప్యూటర్ వనరులోకి ప్రవేశించడం, దానికి ఆదేశాలివ్వడం, దానితో సంభాషించడం. హాల్లో నడిచినంత మాత్రాన అది నేరం కాదని నా అభిప్రాయం. ఒపీనియన్‌లోనూ అలాగే రాశాను. అయినా నెల జీతం మీద బతికే ఏసీ టెక్నీషియన్‌ను అలాంటి సెక్షన్ అంచున రోజూ నడిపించడం నాకు నచ్చలేదు. ఎప్పుడైనా ఏదైనా జరిగితే విచారణలో మొదట పిలిచేది అతన్నే. అతను ర్యాకును ముట్టుకోలేదని చెప్పడానికి సాక్ష్యం ఉండాలి. ముట్టుకునే వీలే లేకుండా కట్టడం అంతకంటే మేలు.

పరిష్కారం ఇంజినీర్లకు తెలిసిందే. ఏసీ యూనిట్లను హాలు బయట విడిగా ఒక సర్వీస్ కారిడార్‌లో పెట్టి, హాల్లోకి గాలి మాత్రం పంపాలి. గోడ జరపాలి. గోడ జరిపితే మంజూరైన ప్లాన్ మారుతుంది. ఇక్కడే రెండు చట్టాలూ ఒకే గోడ దగ్గర ఎదురుపడ్డాయి. కారిడార్ వల్ల అత్యవసర ద్వారానికి నడవాల్సిన దూరం మారింది కాబట్టి ఫైర్ ఎన్‌వోసీ డ్రాయింగులు సవరించాలి. హెచ్ఎండీఏలో రివైజ్డ్ ప్లాన్ పెట్టాలి. ఆక్యుపెన్సీ సమయానికి కట్టింది ఒకటి, మంజూరైంది ఒకటి ఉంటే సర్టిఫికెట్ ఆగుతుంది.

ప్రాజెక్టు హెడ్ ఒప్పుకోలేదు. 'ఇప్పుడు ప్లాన్ ముట్టుకుంటే మళ్లా ఫైలు మొదటికొస్తది మేడమ్. లోపల మెష్ పెట్టి తాళం వేద్దాం, ఎవరు చూస్తరు?' అన్నాడు. అతని టెన్షన్ నాకు అర్థమైంది. బ్యాంకుకు హాలు అప్పగించే తేదీ తప్పితే పెనాల్టీ పడేది అతని ప్రాజెక్టు మీదే. కానీ మెష్ పెట్టినా టెక్నీషియన్ నడిచే దారి మారదు. చివరికి బ్యాంకు సెక్యూరిటీ విభాగమే కారిడార్ కావాలని రాతపూర్వకంగా అడగడంతో వాదన ముగిసింది. మొదటి హాల్‌కు సవరణ ప్లాన్ వేశాం. బిల్టప్ ఏరియా పర్యావరణ అనుమతిలో రాసిన అంకె దాటకుండా ఆర్కిటెక్టు పక్కన ఉన్న స్టోర్ రూమ్‌ను కుదించాడు. లేకపోతే అదీ సవరించాల్సి వచ్చేది.

లైను ఎవరిది?

సెంటర్‌కు 132 కేవీ సరఫరా. ట్రాన్స్‌కో సబ్‌స్టేషన్ నుంచి లైను రావాలి, అక్కడ ఒక బే (లైను వచ్చి కలిసే చోటు) కట్టాలి, మన స్థలంలో మన సబ్‌స్టేషన్ ఉండాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, 2021 అక్టోబరులో విద్యుత్ రంగానికి సైబర్ భద్రతా మార్గదర్శకాలు ఇచ్చింది. ఉత్పత్తి, ట్రాన్స్‌మిషన్, పంపిణీ సంస్థలు, లోడ్ డిస్పాచ్ సెంటర్లు, వాటికి పరికరాలు, సేవలు అందించేవాళ్లు వాటి పరిధిలో ఉన్నారు. నియంత్రణ వ్యవస్థలను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా వేరు చేయాలనీ, నమ్మదగిన మూలాల నుంచే కొనాలనీ, ఫ్యాక్టరీలోనూ సైట్‌లోనూ భద్రతా పరీక్షలు చేయాలనీ అవి చెబుతాయి. వినియోగదారుడు ఆ జాబితాలో నేరుగా కనిపించడు. 'మనం కరెంటు కొనేవాళ్లం, అమ్మేవాళ్లం కాదు' అని క్లయింట్ వాదన.

లైను ఎవరి సొంతం అన్న దాన్నిబట్టి ఆ వాదన నిలుస్తుంది, లేదా పడిపోతుంది. 2024 జనవరిలో సవరించిన విద్యుత్ నియమాల ప్రకారం, రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ వ్యవస్థకు కలిసే 10 మెగావాట్లకు తగ్గని వినియోగదారుడు లైసెన్సు లేకుండానే సొంత డెడికేటెడ్ లైను వేసుకుని నడుపుకోవచ్చు. క్లయింట్‌కు ఇది బాగా నచ్చింది. లైను మన చేతిలో ఉంటే పని మన వేగంతో నడుస్తుందని వాళ్ల ఆశ. అయితే ఆ మినహాయింపుకు షరతు ఉంది. చట్టం కింద వచ్చిన నిబంధనలు, సాంకేతిక ప్రమాణాలు, మార్గదర్శకాలు, ప్రక్రియలు పాటించాలి. మార్గదర్శకాలు అన్న ఆ ఒక్క మాటతో సీఈఏ సైబర్ మార్గదర్శకాలు లైను సొంతదారు మెడకు చుట్టుకుంటాయి. ఆ తర్వాత 'మేం కొనేవాళ్లం' అనే వాదనకు బలం ఉండదు.

సొంత లైనుకు ఇంకో ఇబ్బంది ఉంది. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 68 కింద ఓవర్‌హెడ్ లైనుకు ప్రభుత్వ ముందస్తు ఆమోదం ఎలాగూ కావాలి. పొలాల్లో టవర్లు వేయడానికి ఉపయోగపడే సెక్షన్ 164 అధికారాలను మాత్రం ప్రభుత్వం పబ్లిక్ ఆఫీసర్‌కు, లైసెన్సీకి, లేదా విద్యుత్ సరఫరా వ్యాపారంలో ఉన్న వ్యక్తికి ఇవ్వగలదు. డేటా సెంటర్ ఆ మూడింటిలో ఏదీ కాదు. ప్రతి రైతుతో విడిగా ఒప్పందం చేసుకోవాల్సిందే. ఔటర్ చుట్టూ ఎకరం ధరలు తెలిసినవాళ్లకు దాని అర్థం చెప్పనక్కర్లేదు.

లైను, ట్రాన్స్‌కో వైపు బే ట్రాన్స్‌కోకే చెందేలా, మన ఆవరణలోని సబ్‌స్టేషన్ మాత్రమే మనది అయ్యేలా వెళ్లమని సలహా ఇచ్చాను. క్లయింట్ అయిష్టంగానే ఒప్పుకున్నాడు. పని ఖర్చు మనది, కాంట్రాక్టర్ మనవాడు, పూర్తయ్యాక ఆస్తి ట్రాన్స్‌కోది. అయితే కాంట్రాక్టర్ అప్పటికే రెండు చివరలకూ కలిపి రిలేలు (లోపం వస్తే సరఫరా ఆపించే పరికరాలు), ఈథర్నెట్ స్విచ్‌లు ఆర్డర్ చేసేశాడు. విద్యుత్ వ్యవస్థలో వాడే దిగుమతి పరికరాల్లో మాల్‌వేర్ లేదని దేశంలోనే పరీక్షించాలని విద్యుత్ మంత్రిత్వ శాఖ 2020 జూలై 2న ఉత్తర్వు ఇచ్చింది. కొన్ని దేశాల నుంచి దిగుమతికి ముందస్తు అనుమతి కూడా ఉండాలి. స్విచ్‌లు ఎక్కడ తయారయ్యాయి అని అడిగితే బిల్లుల్లో సింగపూర్ అని ఉంది. బిల్లు ఎక్కడిదో కాదు, సరుకు ఎక్కడ తయారైందో కావాలి. అది చెప్పే కాగితం సరఫరాదారు ఇవ్వలేకపోయాడు. ట్రాన్స్‌కో వైపు వాటిని పక్కన పెట్టి వేరేవి తెప్పించాం. పర్చేజ్ ఆర్డర్‌లో దీని గురించి ఒక్క లైను లేకపోవడంతో ఖర్చు మొత్తం క్లయింట్ మీద పడింది. మన వైపు స్విచ్‌లు కూడా మార్చమన్నాను. చట్టం అక్కడ అంత స్పష్టంగా లేదు, కానీ రెండూ ఒకే లైను చివరలు.

లైను మీద వేసే ఓపీజీడబ్ల్యూ, అంటే లోపల ఫైబర్ ఉన్న ఎర్త్‌వైర్, ఇంకో వివాదం తెచ్చింది. అందులో చాలా ఫైబర్లు ఖాళీగా ఉంటాయి. వాటిలో రెండు జతలు అద్దెదారుల ఇంటర్నెట్‌కు బ్యాకప్‌గా వాడుకోవాలని నెట్‌వర్క్ టీమ్ ప్లాన్. 'ఖాళీగనే ఉంటది గదా, మనం వాడుకుంటే ఏమైతది?' అని సైట్ ఇంజినీర్ అడిగాడు. అతనికి 2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో జరిగింది చెప్పాను. పంపిణీ సంస్థల ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దూరినవాళ్లు అక్కడి నుంచి కంట్రోల్ వ్యవస్థకు చేరారు. సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తెరిచారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఆఫీసుకూ కంట్రోల్ రూమ్‌కూ మధ్య దారి ఉండటమే వాళ్లకు కలిసొచ్చింది. మన దగ్గర 2019లో తెలుగు రాష్ట్రాల డిస్కమ్‌ల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్‌తో స్తంభించాయి. అదే ఏడాది కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో పాలనా నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికిందని కేంద్రాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ ధ్రువీకరించింది. అక్కడ రియాక్టర్ నియంత్రణ వ్యవస్థ విడిగా ఉండటం వల్లే ప్లాంటుకు ముప్పు రాలేదు. ఓపీజీడబ్ల్యూలో రక్షణ సిగ్నళ్లు, లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు వెళ్లే సమాచారం తప్ప ఇంకేమీ పోకూడదని డ్రాయింగ్ మీదే రాయించాం. ఇంటర్నెట్ బ్యాకప్ వేరే రోడ్డు పక్క నుంచి వచ్చింది. దానికి రైట్ ఆఫ్ వే అనుమతి విడిగా తీసుకున్నారు.

అవసరానికి మించి ఇచ్చిన డ్రాయింగులు

ఫైలు తిరగేస్తుంటే నాకు అన్నింటికంటే ఆందోళన కలిగించింది ఇది. పర్యావరణ అనుమతి దరఖాస్తులో కన్సల్టెంట్ పూర్తి సింగిల్ లైన్ డయాగ్రమ్ (విద్యుత్ వ్యవస్థ మొత్తాన్ని గీతల్లో చూపే పటం), సర్వర్ హాల్ లేఅవుట్, ఫైబర్ ఏ గోడలోంచి లోపలికి వస్తుందో చూపే డ్రాయింగ్ జతచేశాడు. దురుద్దేశం లేదు. ఎక్కువ కాగితాలు పెడితే ప్రశ్నలు తక్కువ వస్తాయని వాళ్ల అనుభవం. కానీ పర్యావరణ అనుమతుల పరివేష్ పోర్టల్లో పెట్టిన పత్రాలు ఎవరైనా చూడగలరు. ప్రజలు చూడాలనే ఆ వ్యవస్థ పెట్టారు, అది సరైనదే. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, జనరేటర్ల పొగ ఎటు పోతుంది అని పక్క ఊరివాళ్లు తెలుసుకోవాలి. ఫైబర్ ఏ మ్యాన్‌హోల్‌లో ఉందో వాళ్లకు అవసరం లేదు.

దాచడం, అవసరం లేనిది ఇవ్వకపోవడం ఒకటి కాదు. ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం కావాలని దాచినా, తప్పుడు సమాచారం ఇచ్చినా దరఖాస్తు తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతి రద్దు చేయవచ్చు. 'భద్రత' అనే సాకుతో జనరేటర్ల సంఖ్య, డీజిల్ ట్యాంకుల పరిమాణం తక్కువ చూపించే ప్రాజెక్టులను నేను సమర్థించను. ట్యాంకు పక్కన బతికే మనిషికి దాని గురించి తెలుసుకునే హక్కుంది. కాబట్టి ప్రతి శాఖ ఫారం, చెక్‌లిస్టు ముందేసుకుని, వాళ్లు అడిగింది పూర్తిగా, అడగనిది అసలు లేకుండా డ్రాయింగులు మళ్లీ గీయించాం. కాలుష్య మండలికి జనరేటర్లు, చిమ్నీల ఎత్తు, ఇంధనం, వ్యర్థ నీరు. ఫైర్‌కు మెట్లు, ద్వారాలు, పంప్ రూమ్, హైడ్రెంట్లు, ఎలక్ట్రికల్ గదులు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు సింగిల్ లైన్ డయాగ్రమ్ పూర్తిగా ఇవ్వాల్సిందే. రిలే రేటింగులు, ఎర్తింగ్ అన్నీ ఉండాలి. అయితే రిలేల ఐపీ చిరునామాలు, కమ్యూనికేషన్ నెట్‌వర్క్ అదే షీట్ మీద ఉండనక్కర్లేదు. దాన్ని వేరే షీట్‌గా విడదీశాం. పరివేష్‌లో అప్పటికే ఉన్నవాటి స్థానంలో సవరించిన డ్రాయింగులు ఇస్తూ, కారణం చెబుతూ ఉత్తరం పెట్టాం. పాతవి ఎవరైనా దించుకుని ఉండొచ్చు అనే లెక్కతో ఫైబర్ ప్రవేశ స్థానాన్ని కూడా మార్పించాను.

సమాచార హక్కు చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనం శాఖకు ఇచ్చిన పత్రాన్ని ఎవరైనా ఆర్టీఐలో అడిగితే, సెక్షన్ 11 ప్రకారం అధికారి 5 రోజుల్లో మనకు నోటీసు ఇవ్వాలి, మనం 10 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. అయితే ఆ పత్రాన్ని మనం గోప్యమైనదిగా పరిగణించి ఉండాలి. ముద్ర లేకుండా ఇచ్చేసి తర్వాత గోప్యం అంటే నిలవడం కష్టం. అందుకని కమ్యూనికేషన్ షీట్ల మీద మాత్రమే గోప్యం అని వేసి, ఏ కారణంతోనో కవరింగ్ లెటర్‌లో రాశాం. అన్నింటి మీదా ముద్ర గుద్దితే ఆ ముద్రకు విలువ ఉండదు, పైగా అది ప్రజలకు అన్యాయం.

జనరేటర్ ప్యానెల్లో సిమ్ కార్డు

కమిషనింగ్ సమయంలో ఒక సాయంత్రం షిఫ్ట్ ఇంజినీర్ జనరేటర్ సింక్రనైజింగ్ ప్యానెల్ తెరిస్తే లోపల సిమ్ కార్డుతో పనిచేసే చిన్న రూటర్ కనిపించింది. సరఫరాదారు దూరం నుంచి రీడింగులు చూసుకోవడానికి పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. రూటర్ లాగ్‌లో తెలియని చిరునామాల నుంచి లాగిన్ ప్రయత్నాలున్నాయి. అతను ఫోటో తీసి ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. 'పొద్దున చూద్దాం' అని జవాబు వచ్చింది. అదృష్టవశాత్తూ కంప్లయన్స్ ఆఫీసర్ కూడా ఆ గ్రూపులో ఉంది, వెంటనే ఫోన్ చేసింది.

ఎవరూ లోపలికి రాలేదు, నష్టం జరగలేదు, ఇంకా ఆక్యుపెన్సీ కూడా రాలేదు, రిపోర్ట్ చేయాలా అని ప్రశ్న. 2013 సెర్ట్‌-ఇన్ నియమాల్లో సైబర్ ఘటన అంటే నిజంగా జరిగినదైనా, అనుమానించినదైనా ప్రతికూల సంఘటన. కట్టడం పూర్తయిందా లేదా అన్నది అందులో లేదు. 6 గంటల లెక్క బోర్డు మీటింగ్ నుంచి కాదు, గమనించినప్పటి నుంచి. ఆ వాట్సాప్ ఫోటో సమయమే మనకు మొదలు అని చెప్పాను. సరఫరాదారే రిపోర్ట్ చేసుకుంటాడులే అన్న మాట కూడా వచ్చింది. రిపోర్ట్ చేసే బాధ్యతను కాంట్రాక్టు రాసుకుని ఇంకొకరి మీదకు నెట్టలేం. పూర్తి విచారణ అయ్యాకే పంపాలన్న నియమం లేదు. ఆ సమయానికి తెలిసింది పంపి, మిగతాది తర్వాత చేర్చవచ్చు. ఆ రాత్రే గడువులోపల పంపాం.

ఫోటో పెట్టిన ఆ కుర్రాడిని మరునాడు సైట్‌లో 'అనవసరంగా గ్రూపులో పెట్టి గొడవ చేశావ్' అని ఒకరు మందలించారట. నేను ఎండీకి ఫోన్ చేసి, ఆ మాట వెనక్కి తీసుకోవాలని గట్టిగా అడిగాను. చట్టం అడిగే 6 గంటలు అలాంటి మనుషుల వల్లే సాధ్యమవుతాయి. ఎండీ సైట్‌కు వెళ్లి అందరి ముందు అతన్ని మెచ్చుకున్నాడు. తర్వాత ఫెసిలిటీ సిబ్బంది కోసం తెలుగులో, హిందీలో ఒక పేజీ సూచన రాసి ప్రతి ప్యానెల్ గదిలో అంటించాం. ఏది కనిపిస్తే, ఎవరికి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నంత వరకే.

లాగ్‌లు చూస్తే గడియారాల సమస్య కూడా బయటపడింది. సబ్‌స్టేషన్ రిలేలు జీపీఎస్ గడియారంతో, బీఎంఎస్ తన సొంత గడియారంతో నడుస్తున్నాయి. రెండింటి లాగ్‌లు పక్కపక్కన పెడితే ఏది ముందు జరిగిందో తేలలేదు. బీఎంఎస్‌ను ఎన్ఐసీ సమయానికి కలిపి, జీపీఎస్‌కూ దానికీ తేడాను క్రమం తప్పకుండా నమోదు చేసే పద్ధతి పెట్టారు.

లండన్ లాయర్లకు ఇచ్చిన జవాబు

ఏ అనుమతిలో సైబర్ షరతు ఉందో చూపించండి అని వాళ్లు మొదటి నుంచీ అడుగుతున్నారు. ఏ అనుమతిలోనూ లేదని రాయడానికి క్లయింట్ ఇబ్బంది పడ్డాడు. కానీ వాళ్ల దేశంలోనూ పెద్ద మౌలిక ప్రాజెక్టుల సమ్మతి 2008 ప్లానింగ్ చట్టం కింద, నెట్‌వర్క్ భద్రత 2018 నిస్ (నెట్‌వర్క్, సమాచార వ్యవస్థల) నిబంధనల కింద వేర్వేరుగానే నడుస్తాయి. డేటా సెంటర్లను కీలక జాతీయ మౌలిక వసతులుగా అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా 2024 సెప్టెంబరులోనే. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబితే వాళ్లకు అర్థమవుతుందని నచ్చజెప్పాను. ఒపీనియన్ ఒక్క పేజీలో ఇమడలేదు. ఏ బాధ్యత ఏ తేదీ నుంచి, ఏ పరికరం మీద, ఎవరికి అన్నది విడివిడిగా రాసి, అద్దెదారు వ్యవస్థ నోటిఫై అయితే అదనంగా చేయాల్సినవి వేరుగా చూపించాం. లోటే లేదని రాయలేదు. వాళ్లు దాన్ని ఒప్పుకుని విడత విడుదల చేశారు.

రెండో దశ హాళ్లకు ఇప్పుడు ప్లాన్లు తయారవుతున్నాయి. సర్వీస్ కారిడార్ మొదటి స్కెచ్‌లోనే ఉంది. టెండర్‌లో తయారైన దేశం రుజువు, పరీక్ష సర్టిఫికెట్, ప్యానెళ్లలో సిమ్ ఉన్న పరికరం ఏదైనా ముందే రాతలో చెప్పాలనే షరతు చేర్చాం. ఉల్లంఘిస్తే మార్పు ఖర్చు సరఫరాదారుదే. జనరేటర్ కంపెనీలు రెండు ఈ ఆఖరి షరతు మీద అభ్యంతరం చెప్పాయి. రిమోట్ మానిటరింగ్ లేకపోతే వారంటీ ఇవ్వలేమంటున్నాయి. రీడింగులు బయటకు మాత్రమే పంపి, లోపలికి ఏ ఆదేశమూ రానివ్వని వన్‌వే గేట్‌వే పెడితే వారంటీ ఇస్తారా అని అడిగాం. ఒక కంపెనీ సరే అంది, రెండోదానితో మాటలు ఇంకా సాగుతున్నాయి.